గద్దె పోయిన తర్వాత వనపర్తి రాజా

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద పెబ్బేరు దాటాక కృష్ణ వస్తుంది. వంతెన దిగితే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి. నదికి ఉత్తరాన సూగూరు, శ్రీరంగాపురం, కొత్తకోట, వనపర్తి. దక్షిణాన కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ. తరతరాలుగా ఉత్తరం పక్క ఊళ్ల రైతులు వనపర్తి రాజాకు శిస్తు కట్టారు. దక్షిణం పక్క చాలా ఊళ్లు గద్వాల రాజా కింద ఉండేవి. ఆ శిస్తులోంచే ఇద్దరు రాజులూ నిజాముకు పేష్కష్ అనే కప్పం చెల్లించారు. 1949లో జాగీరుల రద్దుతో ఆ పద్ధతి ఆగిపోయింది. పేరు ముందు రాజా అన్న మాట మిగిలింది, రాజ్యం పోయింది.

ఈ వ్యాసం ఆ ఏడాది గద్దె పోగొట్టుకున్న ఒక మనిషి గురించి, ఆయన కుటుంబం గురించి. వనపర్తి చివరి సంస్థానాధీశుడు జనుంపల్లి రామేశ్వరరావు. 1923లో పుట్టి 1998లో పోయాడు. రాజుగా పుట్టడంలో ఆయన గొప్పేమీ లేదు. పాతికేళ్ల చిల్లర వయసులో రాజ్యం పోయాక, మిగిలిన యాభై ఏళ్లూ ఏం చేశాడన్నదే చూడాలి. ఈ లెక్క మా వైపు ఎవరూ సరిగా రాసి పెట్టలేదు. నేను చరిత్ర పంతుల్ని కాను. వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, నీటిపారుదల శాఖలో సూపర్‌వైజరుగా చేరి, కట్టలు, కాలువల మీదే ఉద్యోగమంతా గడిపినవాణ్ని. ఆయన ఇంట్లో చదువుకున్నాను, ఆయన కట్టించిన చెరువు కట్ట మీద నడిచాను. ఆ హక్కుతో రాస్తున్నాను.

బీచుపల్లి గుడి గురించి మా పెద్దవాళ్లు ఒక కథ చెప్తారు. వ్యాసరాయలనే యతి ఇక్కడ ఆంజనేయుణ్ని ప్రతిష్ఠించి, పూజ ఎవరికి అప్పగించాలా అని ఆలోచించి, తెల్లవారి ముందుగా కంటబడిన పిల్లవాడికే అప్పగించారట. ఆ పిల్లవాడు బోయ ఇంటి బిడ్డ, పేరు బీచుపల్లి. అందుకే ఈ గుడిలో బోయలే అర్చకులు, ఈ చుట్టుపక్కల ఇంటికొక బీచుపల్లి ఉంటాడు. కథలో చరిత్ర ఎంతో నాకు అక్కర్లేదు. ఎవరి కడుపున పుట్టావన్నది కాదు, అప్పగించిన పని ఎట్లా చేశావన్నదే లెక్క అని ఈ నేల నమ్మింది. వనపర్తి రాజాను కూడా ఆ కొలతతోనే కొలవాలని నా అభిప్రాయం.

ముందు వంశం సంగతి క్లుప్తంగా. పదహారో శతాబ్దం మొదట్లో కర్నూలు వైపు నుంచి వచ్చిన వీర కృష్ణారెడ్డితో ఈ సంస్థానం మొదలైందని చెప్పుకుంటారు. మొదటి కాపురం సూగూరు, అంటే ఇప్పటి పెబ్బేరు పక్కన ఉన్న ఊరు. అందుకే పాత కాగితాల్లో ఇది సూగూరు సంస్థానం. వనపర్తి తర్వాత రాజధాని అయింది. పుట్టుకకు రెడ్లు, పేరు చివర రావు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి, దాని పక్కన రంగసముద్రం చెరువు ఈ వంశం నిలబెట్టినవే. గుడి గోపురం నీడ చెరువులో పడేటట్టు కట్టారు. ఆ చెరువు ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. అంటే ఆనాటి కట్ట ఈనాటికీ డ్యూటీలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో మొదటి రామేశ్వరరావు అనే రాజా ఉండేవాడు. ఆయన ఆఫ్రికా సిద్దీలతో ఒక గుర్రపు దళం తయారు చేశాడు. తర్వాత అది నిజాము సైన్యంలోకి పోయింది. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ పక్కన ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ ఉంది కదా, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ కాపురమున్న చోటు అది. బస్తీ పేరు చాలామందికి తెలుసు. ఆ దళం మొదలు వనపర్తిలో ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

ఆ మొదటి రామేశ్వరరావు పేరే మన కథానాయకుడికీ పెట్టారు. తండ్రి కృష్ణదేవరావు, తల్లి సరళాదేవి. తండ్రి చిన్న వయసులోనే పోయాడు. వారసుడు పసివాడు కాబట్టి సంస్థానాన్ని నిజాము ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద పెట్టుకుంది. అంటే రామేశ్వరరావు బాల్యంలో రాజే, కానీ ఆయన ఆస్తి లెక్కలు సర్కారు గుమాస్తాలు రాసేవారు. పెద్దవాడై పగ్గాలు చేతికి వచ్చిన కొన్నేళ్లకే 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, మరుసటి ఏడాది జాగీరుల రద్దు చట్టం వచ్చింది. నిండా రాజుగా ఉన్నది కొద్ది కాలమే.

ఇక్కడ ఆగి ఒక తేదీ చూడండి. 1949 సెప్టెంబరు 15. జాగీరులు రద్దయిన అదే కాలం. ఆ రోజు హైదరాబాదు మిలిటరీ గవర్నరు జనరల్ జె.ఎన్. చౌదరి మదనాపురం దగ్గర ఒక జలాశయానికి శంకుస్థాపన చేశాడు. పూనిక రామేశ్వరరావుది, పేరు ఆయన తల్లిది. సరళాసాగర్. రాజ్యం చేజారుతున్న నెలలో ఇరవై ఆరేళ్ల రాజా మొదలుపెట్టించిన పని అది. పది సంవత్సరాలు పట్టి 1959 జులైలో పూర్తయింది. సుమారు 4 వేల ఎకరాల ఆయకట్టు.

సరళాసాగర్ ప్రత్యేకత గేట్లు లేకపోవడం. ఇంజనీరింగు తెలియని పాఠకుడికి కూడా అర్థమయ్యేటట్టు చెప్తాను, ఎందుకంటే చూడవలసిన పని అది. కట్టలో ఒక భాగం రాతి గోడ. ఆ గోడలో వరసగా కాంక్రీటు గొట్టాలు ఉంటాయి, పైన టోపీ మాదిరి మూత, దాన్ని హుడ్ అంటారు. గొట్టం నోరు చెరువు వైపు నీళ్లలో మునిగి ఉంటుంది, మెడ వంగి గోడ మీదుగా అవతలికి దిగుతుంది. చెరువు నిండు మట్టానికి వచ్చేదాకా ఏమీ జరగదు. ఆ మట్టం దాటగానే నీళ్లు మెడ మీదుగా పల్చగా దొర్లి అవతల పడటం మొదలవుతాయి. పక్కన ఉండే చిన్న సైఫన్లు ముందు పని అందుకుని, వాటి నీటి ధారతో పెద్ద గొట్టం అడుగు మూసుకునేట్టు చేస్తాయి. లోపలి గాలి నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది, బయటి గాలి రాదు, శూన్యం ఏర్పడుతుంది. అంతే, గొట్టం నిండా నీళ్లు గుంజుకుని ఒక్కసారి వదులుతుంది. చెరువు మట్టం తగ్గి గాలి రంధ్రం బయటపడగానే గాలి లోపలికి దూరి ధార తెగిపోతుంది. మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అర్ధరాత్రి వరద వచ్చినా గేటు ఎత్తడానికి లస్కర్ ఉన్నాడా లేడా అని చూసే పని లేదు.

సైఫన్ అందుకునే క్షణంలో కట్ట మీద నిలబడి చూడాలి. ముందు గొట్టంలోంచి గాలి ఎగపీల్చిన చప్పుడు వస్తుంది. తర్వాత కాలి కింద గోడ సన్నగా అదురుతుంది. అప్పటిదాకా గోడ మీద తడి చారలాగా జారిన నీళ్లు తెల్లగా ఎగిరి దూరాన పడతాయి. "సైఫన్లు లేసినయి" అని ఊళ్లో కేక పడుతుంది. నీళ్లు ఊకచెట్టు వాగులో పడి రామన్‌పాడు వైపు పోతాయి. మదనాపురం నుంచి ఆత్మకూరు పోయే దారి ఆగిపోతుంది, బస్సులు తిరిగిపోతాయి, అయినా జనం తిట్టుకోరు. వాగు పారిన ఏడు బావుల్లో నీళ్లుంటాయని వాళ్లకు తెలుసు.

మా వైపు సరళాసాగర్‌ను ఆసియాలోనే మొదటి ఆటోమేటిక్ సైఫన్ అని గొప్పగా చెప్పుకుంటారు. ప్రేమ కొద్దీ చెప్పే మాట అది. కర్ణాటకలో కుణిగల్ దగ్గర మార్కోనహళ్ళి ఆనకట్ట ఇంతకంటే ముందుది, దానికీ ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నాయి. మొదటిది కాకపోతే దీని విలువ తగ్గదు. వాన నమ్మకం లేని పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఖజానా చేతిలో లేని మనిషి, లోకంలో కొత్తగా నిలదొక్కుకుంటున్న ఒక పద్ధతిని తెచ్చి పల్లెలో పెట్టించాడు. ఆ ఘనత చాలు.

చెరువు పని నడుస్తుండగానే ఆయన దేశం దాటాడు. 1950ల తొలి సంవత్సరాల్లో విదేశాంగ శాఖ తరఫున ముందు నైరోబీలో, తర్వాత గోల్డ్ కోస్ట్ రాజధాని ఆక్రాలో భారత ప్రతినిధిగా పనిచేశాడు. ఆ గోల్డ్ కోస్టే 1957లో స్వతంత్రమై ఘనా అయింది. అప్పటికి ఆ రెండు చోట్లా బ్రిటిషు జెండాలే ఎగురుతున్నాయి. కొన్నేళ్ల ముందే స్వతంత్రమైన దేశం మనిషి అక్కడ అడుగుపెట్టడమంటే, స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతున్నవాళ్లకు అది ఒక భరోసా. పూర్వీకుడు ఆఫ్రికా మనుషులను తన గుర్రాల మీద కూర్చోబెట్టి కవాతు చేయించాడు. మనవళ్ల కాలం వచ్చేసరికి అదే ఇంటి మనిషి ఆఫ్రికా నాయకులతో సమానంగా కూర్చుని మాట్లాడాడు. వంద ఏళ్లలో లోకం ఎంత మారిందో తెలుసుకోవడానికి వనపర్తి ఒక్క ఇంటి చరిత్ర చాలు.

తిరిగి వచ్చి ఎన్నికల్లో నిలబడ్డాడు. దీనికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1952 తొలి ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినది రాజకుటుంబం మనిషి కాదు. గోలకొండ పత్రిక సంపాదకుడు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డి. ఆయనది నది దక్షిణపు ఒడ్డు, నడిగడ్డలోని ఇటికాలపాడు. జీవితమంతా రాజుల కథల కన్నా జనం తిండి, బట్ట, ఆట, పాట గురించి రాసిన మనిషిని, ఓటు చేతికి రాగానే పాత సంస్థానం జనం ఎన్నుకున్నారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. అయినా ఆ గెలుపు మా జిల్లాకు ఎప్పటికీ గర్వకారణం.

రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. 1962లో గద్వాల నుంచి. ఏ నది అవతల తన పూర్వీకుల మాట చెల్లలేదో, ఆ నది అవతలి రైతుల దగ్గరికి వనపర్తి వారసుడు చేతులు జోడించి ఓటడగటానికి పోయాడు, వాళ్లు వేశారు. 1970ల చివరిదాకా ఆయన పార్లమెంటు సభ్యుడే. శిస్తు కట్టించుకున్న ఇంట్లో పుట్టి, శిస్తు కట్టిన ఇంటి గడప ముందు నిలబడటం నేర్చుకున్నాడు. ప్రజాస్వామ్యం ఈ దేశంలో నిశ్శబ్దంగా చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి.

పెత్తనం పోయిన దొరల కథ మన ఒక్కరిదే కాదు. ఐర్లండులో కూడా దీనికి కొన్ని దశాబ్దాల ముందు దొరల భూములు కౌలుదార్ల చేతికి పోయాయి. అక్కడ హొరేస్ ప్లంకెట్ అని ఒక ప్రభువుల బిడ్డ ఉండేవాడు. పార్లమెంటు సభ్యుడు. రైతులను కూడగట్టి పాల సహకార సంఘాలు పెట్టించాడు, 1894లో వాటన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పాటు చేశాడు. అంత చేసినా, అంతర్యుద్ధంలో 1923 జనవరిలో ఆయన ఇంటిని తగలబెట్టారు. ఆ కొన్నేళ్లలో అక్కడ దొరల మేడలు వందల సంఖ్యలో కాలిపోయాయి. మన దగ్గరా తెలంగాణ పోరాటంలో గడీలు కూలాయి, కారణాలు ఉన్నాయి. వనపర్తి మేడ మాత్రం వేరే దారి పట్టింది.

ఆ మేడ పాలిటెక్నిక్ అయింది. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి ప్రారంభించారు. రామేశ్వరరావు తండ్రి పేరు మీద అది కృష్ణదేవరావు ప్రభుత్వ పాలిటెక్నిక్, అందరి నోటా కె.డి.ఆర్. నేను 1974లో చేరాను. మాది రెండెకరాల చెలక ఉన్న ఇల్లు. మా తాత ఆ కోట గేటు ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవాడు. నేను అదే గేటు లోపలికి టీ స్క్వేరు చంకన పెట్టుకుని పోయాను. ఎత్తయిన కప్పు, లావు గోడలు, రంగు అద్దాల కిటికీలు. ఆ గదుల్లో డ్రాయింగు బల్లలు వేసి ఉండేవి. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేది, చెమట చుక్క డ్రాయింగు షీటు మీద పడేది కాదు. ఆవరణలో సర్వే ప్రాక్టికల్స్. ముగ్గురం కలిసి గొలుసు లాగి, డంపీ లెవల్ నిలబెట్టి, మేడ మెట్లకూ దిగువన చెరువు కట్టకూ మట్టం తేడా కొలిచేవాళ్లం. రాజుగారి మెట్టు మీద స్టాఫ్ పెట్టి రీడింగు తీయడం మా తరగతిలో అందరికీ గుర్తు.

మా బ్యాచిలో నాగలి పట్టిన ఇళ్ల పిల్లలు, మగ్గం ఇళ్ల పిల్లలు, హాస్టల్లో అన్నం తిని చదివిన దళిత పిల్లలు ఉన్నారు. తర్వాత వాళ్లే జూరాల కాలువల మీద, శ్రీశైలం మీద, విద్యుత్ బోర్డులో, రోడ్ల శాఖలో చేరారు. ఒక్క కాలేజీ ఈ ప్రాంతానికి ఎన్ని వందల మంది టెక్నికల్ ఉద్యోగులను ఇచ్చిందో ఊరూరా తిరిగితే తెలుస్తుంది. గద్వాలలో కూడా ఇట్లాగే జరిగింది. అక్కడి చివరి రాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుతో డిగ్రీ కాలేజీ కోటలోనే నడుస్తోంది. కృష్ణకు అటూ ఇటూ రెండు కోటలు, రెంటిలోనూ బడి గంటే మోగింది. మా ప్రాంతం ఈ విషయంలో అదృష్టం చేసుకుంది.

ఇక ఆ ఇంటి ఆడవాళ్ల సంగతి. ఇది వివరంగా చెప్పకపోతే కథ సగమే. రామేశ్వరరావు చిన్నాయన రామ్‌దేవ్ రావు భార్య రాణి కుముదినీ దేవి. నిజాము చివరి మంత్రివర్గంలో ఉపప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి కూతురు. 1911లో పుట్టింది, పరదా ఘోషా నడిచిన కాలంలో వనపర్తి కోడలైంది. 1958లో హైదరాబాదు శివారున, అప్పటికి పల్లెగా ఉన్న కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కుష్ఠు అంటే ఇంట్లోంచి వెళ్లగొట్టేవారు, ఊరి బయట కూడా నిలవనిచ్చేవారు కారు. అట్లాంటివాళ్లకు మందు, తిండి, చేతి పని, ఒక చిరునామా ఇచ్చింది. 1962లో హైదరాబాదు మేయరైంది. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆమె. అదే ఏడు వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి 1972 దాకా ఎమ్మెల్యేగా ఉంది. 2009లో తొంభై ఎనిమిదేళ్లకు కన్నుమూసింది. ఆమె మొదలుపెట్టిన కేంద్రం ఆమె తర్వాతా నిలిచింది. కూకట్‌పల్లిలో ఇప్పుడు మెట్రో రైలు పోతుంది, ఆకాశాన్ని అంటే మేడలున్నాయి. రోగులను ముట్టుకోవడానికి లోకం భయపడిన రోజుల్లో ఆ నేల మీద ఒక రాణి ఏం చేసిందో ఆ మేడల్లో ఉండేవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

రామేశ్వరరావు భార్య శాంతా రామేశ్వరరావు రచయిత్రి. పురాణ కథలను, భారతాన్ని పిల్లల కోసం ఇంగ్లీషులో తిరగరాసింది. 1961లో హైదరాబాదులో సచివాలయం దగ్గర విద్యారణ్య పాఠశాల పెట్టింది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావం ఉన్న బడి. ర్యాంకుల పోటీ లేకుండా, బెత్తం లేకుండా, పిల్లవాడు ప్రశ్న అడగడమే చదువు అని నమ్మిన బడి. కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు నిండిన నగరంలో ఆరు దశాబ్దాలు దాటినా ఆ బడి నిలబడింది. ఆమె 2015లో పోయింది.

రామేశ్వరరావు చేసిన మరో పెద్ద పని పుస్తకాలది. లాంగ్‌మన్స్ అనే ఇంగ్లండు ప్రచురణ సంస్థ బ్రిటిషు పాలనలో కలకత్తాలో కొట్టు పెట్టుకుంది. స్వాతంత్ర్యం తర్వాత అది ఓరియంట్ లాంగ్‌మన్ అయింది. రామేశ్వరరావు దాని పగ్గాలు చేపట్టి, క్రమంగా పూర్తిగా భారతీయ సంస్థగా మార్చి, హైదరాబాదు హిమాయత్‌నగర్‌ను దానికి కేంద్రం చేశాడు. 2008లో దాని పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అయింది. బడి పిల్లల రీడర్ల దగ్గర నుంచి దేశంలోని పెద్ద పెద్ద చరిత్రకారుల గ్రంథాల దాకా అక్కడి నుంచి వచ్చాయి. పరాయి పాలకుల చేతుల్లో ఉన్న పాఠ్యపుస్తకాల వ్యాపారం ఒక పాలమూరు మనిషి చేతికి రావడం చిన్న విషయం కాదు. పుస్తకం ఎవరు అచ్చు వేస్తారో వాళ్లే పిల్లలకు ఏం చెప్పాలో నిర్ణయిస్తారు.

ఇంతవరకు మంచి చెప్పాను. అప్పు పద్దు కూడా రాయాలి, లేకపోతే ఇది భట్రాజు పొగడ్త అవుతుంది. ఆ మేడ గోడలకు రాళ్లు మోసినవాళ్లకు కూలి ఎంత దక్కిందో ఏ శాసనమూ చెప్పదు. సంస్థానాల్లో వెట్టి ఉంది, నజరానాలు ఉన్నాయి, పంట ఎండినా శిస్తు తప్పని ఏళ్లున్నాయి. రంగసముద్రం కట్ట మీద మట్టి తట్ట మోసిన ఒడ్డెర మనిషి పేరు గుడి గోపురం మీద లేదు. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. కృష్ణ ఒడిలో ఉన్న ఈ జిల్లా దేశానికంతా పాలమూరు లేబర్‌ను ఎందుకు పంపింది? గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే ఆలుమగలు చంటిపిల్లను సంకనెత్తుకుని నాగార్జునసాగర్‌కు, శ్రీశైలానికి, ఇంకా ఎన్నో రాష్ట్రాల ఆనకట్టలకు మట్టిపనికి పోయారు. ఊళ్లకు నీళ్లిచ్చే కట్టలు కట్టి, నీళ్లు లేని సొంత ఊరికి తిరిగి వచ్చారు. జూరాలకు శంకుస్థాపన 1981లో, నీళ్లు నిలిచింది 1995లో. ఇరవై ఏళ్లకు పైగా పార్లమెంటులో ఉన్న మనిషిని, ఆయనతో పాటు అప్పటి నాయకులందరినీ, ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగే హక్కు ఈ నేలకు ఉంది. ఒక సరళాసాగర్ 4 వేల ఎకరాలకు సరిపోయింది. జిల్లా దాహం లక్షల ఎకరాలది.

నేను రెండు పద్దులూ కూడి చూసి ఒక మాట అంటాను. రాజుగా ఆ వంశం తీసుకున్నది ఎక్కువ. గద్దె దిగాక ఆ కుటుంబం ఇచ్చింది కూడా ఎక్కువే. ఎంతోమంది జాగీర్దార్లు పరిహారం సొమ్ము తిని, భూములు బేనామీ చేసి, మేడలు తాళం వేసుకుని నగరం పట్టారు. వనపర్తివాళ్లు చెరువు, కాలేజీ, బడి, ఆసుపత్రి, పుస్తకం వదిలి వెళ్లారు. తూకంలో ఇది తేలికైనదేమీ కాదు.

ఈ తరానికి వనపర్తి రాజకుటుంబం సినిమా పేర్లతో తెలుసు. దర్శకురాలు కిరణ్ రావు, నటి అదితి రావు హైదరి ఇద్దరూ రామేశ్వరరావు మనవరాళ్లు. 2024 సెప్టెంబరులో అదితికి, నటుడు సిద్ధార్థ్‌కు శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిలో పెళ్లి జరిగితే ఫోన్లలో ఆ ఫోటోలు చూడనివాడు లేడు. మంచిదే, గుడి నలుగురికీ తెలిసింది. అయితే ఆ ఫోటో వెనుక కనిపించిన చెరువు ఎవరు తవ్వారు, దాని నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అని ఒక్క పిల్లవాడైనా అడిగితే నాకు ఇంకా సంతోషం.

ఎందుకంటే అడగకపోతే ఏమవుతుందో చూశాం. 2019 డిసెంబరు 31 తెల్లవారుజామున సరళాసాగర్ మట్టికట్టకు గండి పడింది. ఏళ్ల తరబడి నిండని చెరువు ఆ ఏడాది నిండింది, కట్ట ఓర్చుకోలేకపోయింది. నిండిన నీళ్లన్నీ వాగు పాలయ్యాయి. మరుసటి ఏడాది కట్ట మళ్లీ కట్టారు. సైఫన్‌కు మనిషి అక్కర్లేదు, నిజమే. మట్టికట్టకు మాత్రం ప్రతి ఏడూ మనిషి కావాలి. కంపచెట్లు కొట్టాలి, వేళ్లు తియ్యాలి, ఎలుక బొరియలు పూడ్చాలి, ఊటతో కట్ట ఎక్కడ తడుస్తుందో రోజూ నడిచి చూడాలి. కట్టల మీద బతికిన మనిషిగా ఇది నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను: చెరువులు వయసుతో చావవు, పట్టించుకోకపోతే చస్తాయి.

అందుకని వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాల చదువుకున్నవాళ్లకు నా విన్నపం. బీచుపల్లికి వచ్చినప్పుడు స్వామి దర్శనం చేసుకుని వెనక్కి తిరగకండి. ఒక పూట తీసి శ్రీరంగాపురం చెరువు చూడండి, మదనాపురం పోయి సైఫన్లు చూడండి, పిల్లలకు అవెట్లా పనిచేస్తాయో చెప్పండి. కె.డి.ఆర్. పాత విద్యార్థులు ఆ మేడ గోడల మరమ్మతుకు చెయ్యి కలపండి, అందులో ఎవరెవరు చదివి ఏ ప్రాజెక్టులు కట్టారో ఒక జాబితా రాసి గోడకు తగిలించండి. సంస్థానం రోజులు కళ్లారా చూసిన ముసలివాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. శిస్తు ఎట్లా కట్టారో, వెట్టి ఎట్లా చేశారో, సరళాసాగర్ కట్టకు మట్టి ఎవరు మోశారో వాళ్ల నోట విని, పేర్లతో సహా రాసుకోండి. రాజుల చరిత్ర రాయడానికి ఆస్థాన కవులు ఉండేవారు. ఆ కట్ట మోసినవాళ్ల చరిత్ర మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.